పగలు కొలువు, రాత్రి నాటకం: చిన్న నాటక బృందాలు నడిచే లెక్క

సంక్షిప్తంగా: చిన్న నాటక బృందాలను నడిపేవాళ్లలో ఎక్కువమందికి మరో ఉద్యోగం ఉంటుంది. జనం నాటకాలకు రావడం మానేశారు కాబట్టే ఇలా అయిందని సాధారణంగా అంటారు. అది సగమే నిజం. హాలు పూర్తిగా నిండినా నాటకం లెక్క జీతాల దాకా రాదు. ఆ తేడాను పూడ్చేది రెండో ఉద్యోగమే. ఏ నాటకం ఎంచుకోవాలి, అందులో ఎన్ని పాత్రలు ఉండాలి, ఎన్నాళ్లు రిహార్సల్ చేయాలి అన్నవి కూడా చాలావరకు ఆ ఉద్యోగాల వేళలే నిర్ణయిస్తాయి.

ఒక్కో టికెట్టు వెనక ఎన్ని పనిగంటలు

ఒక మాదిరి లెక్క చూద్దాం. నలుగురు నటులు, గంటన్నర నాటకం, 100 సీట్ల హాలు, 6 ప్రదర్శనలు. రిహార్సల్‌కు 120 గంటలు పట్టిందనుకుందాం. మాటలు నోటికి వచ్చి, కదలికలు కుదిరి, రెండుమూడుసార్లు ఆగకుండా మొత్తం ఆడుకోవడానికి ఆ మాత్రం కావాలి. నటులు నలుగురు, దర్శకుడు, స్టేజ్ మేనేజర్ కలిసి ఆరుగురు. అంటే రిహార్సల్‌కే 720 పనిగంటలు. సెట్టుకు 80, దుస్తులకు 60, లైటింగ్, సౌండ్‌లకు 50, హాలు బుకింగ్, ప్రచారం, హక్కులు, అనుమతులు, జమాఖర్చులకు 100. ఇవి కలిపి 290. ప్రదర్శన ఉన్న ప్రతిరోజూ ఎనిమిది మంది తలా 5 గంటలు ఉండాలి కాబట్టి రోజుకు 40 చొప్పున ఆరు రోజులకు 240. మొత్తం 1,250 పనిగంటలు.

హాలు సగటున 60 శాతం నిండితే అమ్ముడయ్యేవి 360 టికెట్లు. అంటే ఒక్కో టికెట్టు వెనక దాదాపు మూడున్నర గంటల పని ఉంది. హాలు అద్దె, కలప, గుడ్డ, రచయితకు ఇచ్చే రాయల్టీ అన్నీ సున్నా అనుకున్నా, ఒక ప్రేక్షకుడు ఒక మనిషికి మూడున్నర గంటల కూలి చెల్లిస్తే తప్ప అందరికీ జీతం రాదు. ఆ ధరకు టికెట్టు పెడితే 60 శాతం కాదు, ముందు వరుస నిండటమే కష్టం.

ప్రదర్శనలు పెంచితే సరిపోదా? 12 ప్రదర్శనలకు మొత్తం పని 1,490 గంటలు, టికెట్లు 720. టికెట్టుకు రెండు గంటల పైచిలుకు పడుతుంది. 24కు పెంచితే ఇంకా తగ్గుతుంది. కానీ ఈ తగ్గుదలకు ఒక హద్దు ఉంది. రిహార్సల్ ఖర్చంతా తీరిపోయిందనుకున్నా, ఒక్కో ప్రదర్శనకు 40 పనిగంటలు, 60 మంది ప్రేక్షకులు అన్నవి మారవు. టికెట్టుకు 40 నిమిషాల పని మిగిలే ఉంటుంది. 800 సీట్ల హాల్లో ఆడే బృందానికి ఇదే 40 గంటల పని కొంచెం పెరిగి ఏ 60 గంటలో అయినా, దాన్ని పంచుకునే టికెట్లు ఎనిమిది రెట్లు. చిన్న హాలుకూ పెద్ద హాలుకూ ఉన్న అసలు తేడా ఇక్కడే ఉంది, కళలో కాదు.

దీని వెనక మరో కారణాన్ని అమెరికన్ ఆర్థికవేత్తలు విలియం బామోల్, విలియం బోవెన్ 1966లో వివరించారు. కర్మాగారంలో యంత్రం వస్తే ఒక వస్తువుకు పట్టే శ్రమ తగ్గుతుంది, జీతాలు పెరుగుతాయి. నలుగురు వాయించాల్సిన సంగీతాన్ని మాత్రం నలుగురే వాయించాలి, అదే సమయం పడుతుంది. నాటకమూ అంతే. బయట జీతాలు పెరిగే కొద్దీ, శ్రమ తగ్గించుకోలేని రంగంలో మనిషి గంట ఖరీదు మిగతా వస్తువులతో పోలిస్తే పెరుగుతూనే పోతుంది. అందుకే నాటకం గతంలో కన్నా బాగా నడుస్తున్న రోజుల్లో కూడా నష్టం తగ్గకపోవచ్చు.

కొత్త రోగం కాదు

ఒకప్పుడు నటులు నటన మీదే బతికారనీ, ఈ కాలంలోనే ఇలా దాపురించిందనీ ఒక అభిప్రాయం ఉంది. చరిత్ర అలా చెప్పదు. 1576లో లండన్‌లో ‘ది థియేటర్’ అనే నాటకశాల కట్టించిన జేమ్స్ బర్బేజ్ నేర్చుకున్న వృత్తి వడ్రంగం. అందులో పెట్టుబడి పెట్టిన బావమరిది జాన్ బ్రేన్ కిరాణా వ్యాపారి. ‘రోజ్’ నాటకశాల యజమాని ఫిలిప్ హెన్స్లో అద్దకం పని నేర్చుకున్నవాడు. తాకట్టు వ్యాపారం, ఇళ్ల అద్దెలు, ఎలుగుబంటి పందేలు కూడా ఆయన ఆదాయ మార్గాలే.

ఇంకా ఆసక్తికరమైనది షేక్‌స్పియర్ బృందంలోని జాన్ హెమింజెస్ సంగతి. నటులకు సొంత వృత్తి సంఘం లేదు. కాబట్టి చట్టప్రకారం శిష్యులను చేర్చుకునే హక్కు నటుడిగా ఆయనకు లేదు. కానీ ఆయన కిరాణా వ్యాపారుల సంఘంలో సభ్యుడు. ఆ హోదాలో కుర్రాళ్లను కాగితం మీద కిరాణా శిష్యులుగా చేర్చుకుని రంగస్థలం మీద స్త్రీ పాత్రలకు తర్ఫీదు ఇచ్చారు. రెండో వృత్తి డబ్బుకే కాదు, నాటకానికి లేని హక్కును తెచ్చిపెట్టడానికీ పనికొచ్చిందన్నమాట.

రెండో వృత్తిని పూర్తిగా వదిలేస్తే ఏమవుతుందో ఫ్రెంచి నాటకకర్త మోలియేర్ జీవితంలో కనిపిస్తుంది. తండ్రి రాజుగారి కొలువులో గృహాలంకరణ సామగ్రి చూసే పదవిలో ఉండేవాడు. కొడుకు ఆ దారి కాదని 1643లో పారిస్‌లో బృందం పెట్టాడు. 1645 నాటికి అప్పుల పాలై జైలుకు వెళ్లాడు. అప్పులవాళ్లలో కొవ్వొత్తులు సరఫరా చేసినవాడు కూడా ఉన్నాడు. నాటకశాలకు ఆ రోజుల్లో కొవ్వొత్తుల ఖర్చంటే ఇప్పటి కరెంటు బిల్లే. తర్వాత పన్నెండేళ్లకు పైగా ఊళ్లు తిరిగి, 1658లోగానీ పారిస్‌లో మళ్లీ నిలదొక్కుకోలేదు.

1887లో పారిస్‌లోనే ‘తెయాత్ర్ లీబ్ర్’ అనే నాటక సంస్థ మొదలుపెట్టిన ఆంద్రే ఆంత్వాన్ గ్యాస్ కంపెనీలో గుమాస్తా. తొలి ప్రదర్శనకు సామగ్రి కొనలేక తల్లి ఇంట్లోని కుర్చీలూ బల్లలూ తోపుడుబండి మీద తెచ్చుకున్నాడు. తర్వాతి కాలంలో గుర్తుంచుకున్నది ఆ వాస్తవిక రంగాలంకరణనే గానీ తోపుడుబండిని కాదు. రష్యన్ దర్శకుడు స్తానిస్లావ్‌స్కీకి మాస్కోలో కుటుంబానికి చెందిన జరీ కర్మాగారం ఉండేది. తెలుగు నాటకంలోనూ ధర్మవరం రామకృష్ణమాచార్యులు, బళ్లారి రాఘవ ఇద్దరూ న్యాయవాదులే. వకీలు వృత్తిలో వాయిదాల మధ్య ఖాళీలుంటాయి, గొంతుకు సాధన దొరుకుతుంది, నలుగురిలో పలుకుబడీ ఉంటుంది. నాటకానికి కావలసినవీ అవే.

దీనికి భిన్నమైన దారి సురభిది. 1885లో కడప ప్రాంతంలోని సురభి గ్రామంలో ‘కీచక వధ’తో మొదలైన ఆ సంప్రదాయంలో కుటుంబమే బృందం. వేషం వేసేవాళ్లే తెరలు కడతారు, మేకప్ వేస్తారు, సామాను ఎక్కిస్తారు. పై లెక్కలోని 1,250 గంటలు అక్కడా ఉంటాయి. అయితే వాటిని ఎవరూ కొనరు. ఇంటిపనిలో కలిసిపోతాయి. ఇక్కడ రెండో ఉద్యోగానికి బదులు ఉమ్మడి కుటుంబం నిలబడింది. అది చెదిరితే నాటకమూ చెదురుతుంది.

ఏ ఉద్యోగం నాటకానికి సరిపడుతుంది

జీతం ఎంత అన్నది ఇక్కడ మొదటి ప్రశ్న కాదు. చూడవలసినవి నాలుగు: పని వేళలు ముందుగా తెలుస్తాయా, కోరినప్పుడు సెలవు దొరుకుతుందా, అక్కడి నైపుణ్యం ఇక్కడ పనికొస్తుందా, ఆ పని మనిషిలో దేన్ని ఖర్చు చేస్తుంది.

గుమాస్తా పని, బ్యాంకు, ప్రభుత్వ ఉద్యోగం మొదటి పరీక్షలో నెగ్గుతాయి. సాయంత్రం ఫలానా వేళకు బయటపడతాం అన్న నమ్మకం ఉంటుంది. అయితే లెక్కలు ముగించే నెలల్లో, తనిఖీల సమయంలో ఆ నమ్మకం చెల్లదు. ఆ నెలల్లో ప్రదర్శన పెట్టుకున్న బృందం కోరి కష్టం తెచ్చుకున్నట్టే. బదిలీ మరో ప్రమాదం. పదేళ్లుగా లైటింగ్ చూస్తున్న మనిషి ఒక్క ఉత్తర్వుతో మరో ఊరికి వెళ్లిపోతాడు.

నాటకానికి దగ్గరి పనులు, అంటే డబ్బింగ్, సీరియల్ నటన, బడుల్లో నాటకం నేర్పడం, పైకి అన్నిటికన్నా అనువుగా కనిపిస్తాయి. చిక్కులన్నీ వీటిలోనే. షూటింగ్‌కు ఎన్నింటికి రావాలో ముందు రోజు సాయంత్రం గానీ తెలియదు, కాదంటే వేషం పోతుంది. రోజంతా తరగతిలో గొంతెత్తి మాట్లాడిన టీచరు రాత్రికి రంగస్థలం మీద ఖర్చు చేసేది అదే గొంతు. ప్రదర్శన వారంలో గొంతు బొంగురుపోవడానికి ఎక్కువగా కారణం నాటకం కాదు, పగటి పాఠం.

అంతగా తెలియని పని ఒకటి ఉంది. వైద్య విద్యార్థుల ముందు రోగిలా నటించడం. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో నరాల వైద్యుడు హోవార్డ్ బారోస్ 1960ల మొదట్లో దీన్ని ప్రారంభించారు. ఇప్పుడు చాలా దేశాల వైద్య పరీక్షల్లో ఇది మామూలే. తేదీలు నెలల ముందే తెలుస్తాయి. ఒకే బాధను ఇరవై మంది విద్యార్థుల ముందు ఇరవై సార్లు ఒకే తీరుగా చూపించాలి. ప్రతి రాత్రీ ఒకే ఏడుపు ఏడవాల్సిన నటుడికి ఇంతకన్నా మంచి సాధన లేదు.

హోటళ్లు, డెలివరీ, ట్యాక్సీ లాంటి పనుల్లో వేళలు మన చేతిలోనే ఉన్నట్టుంటుంది. కాకపోతే వాటికి గిరాకీ ఎక్కువగా ఉండేది సాయంత్రాలు, వారాంతాలు. నాటకానికి కావలసిన సమయమూ సరిగ్గా అదే. ప్రతి రిహార్సల్‌కూ ఆ మనిషి ఆ రోజులో ఎక్కువ సంపాదన వచ్చే గంటలను వదులుకుంటున్నాడు. ఈ ఖర్చు బృందం పుస్తకాల్లో ఎక్కడా కనిపించదు.

ఆరుగురూ ఒకచోట చేరడం

పూర్తికాలం నటులు వారానికి 30 గంటల చొప్పున నాలుగు వారాల్లో 120 గంటలు పూర్తిచేస్తారు. ఉద్యోగాలు చేసేవాళ్లకు మూడు సాయంత్రాలు రెండున్నర గంటల చొప్పున, ఆదివారం నాలుగున్నర గంటలు దొరికితే వారానికి 12. అదే పనికి పది వారాలు. మధ్యలో రోజులు గడిచిపోతాయి కాబట్టి పాత పాఠాన్ని గుర్తుచేసుకోవడానికే ప్రతిసారీ కొంత సమయం పోతుంది. అది ఈ లెక్కలో చేర్చలేదు.

దీనికన్నా పెద్ద సమస్య హాజరు. ఒక్కొక్కరూ ఐదు రిహార్సళ్లలో ఒకదానికి రాలేకపోయారనుకుందాం. 80 శాతం హాజరంటే ఎవరినీ తప్పుపట్టలేం. కానీ ఎవరి గైర్హాజరు వారిదే అయితే, ఆరుగురూ కలిసి ఉండే అవకాశం 26 శాతమే. నాలుగింట ఒక్క రిహార్సల్ మాత్రమే నిండుగా జరుగుతుంది. హాజరు 90 శాతానికి పెరిగినా అది 53 శాతం దగ్గరే ఆగుతుంది. “మనవాళ్లకు శ్రద్ధ లేదు” అన్న మాట బృందంలో పుట్టేది సాధారణంగా ఇక్కడే. నిజానికి లోపం శ్రద్ధలో కాదు, ఆరుగురు కావలసిన రిహార్సల్‌ను రోజూ పెట్టుకోవడంలో ఉంది.

అనుభవమున్న బృందాలు నాటకాన్ని అంకాలుగా కాకుండా చిన్న ముక్కలుగా విడగొడతాయి. ఒక పాత్ర వచ్చినా, వెళ్లినా అక్కడితో ఒక ముక్క అయినట్టు. గంటన్నర నాటకం ఏ ఇరవై, పాతిక ముక్కలో అవుతుంది. కాగితం మీద అడ్డంగా ముక్కల నంబర్లు, నిలువుగా పాత్రల పేర్లు రాసి, ఎవరు ఎందులో ఉన్నారో గుర్తు పెడతారు. పక్కన మరో కాగితం మీద ఎవరికి ఏ సాయంత్రం కుదరదో రాసుకుంటారు. రెండూ కలిపి చూస్తే మంగళవారం ఇద్దరితో 4, 9, 17 ముక్కలు చేయవచ్చని తేలుతుంది. అందరూ కావలసిన ముక్కలను ఆదివారానికి ఉంచుతారు. ఈ పని వారం ముందే జరగాలి. ఆ సాయంత్రం వచ్చినవాళ్లను బట్టి అప్పటికప్పుడు చేస్తే మొదటి ముక్కలు ముప్పైసార్లు, చివరివి మూడుసార్లు అవుతాయి. ముగింపు నీరుగారిన నాటకాల్లో చాలావాటికి ఇదే కారణం.

సెలవుల ఖాతా

చిన్న బృందానికి డబ్బు కన్నా ముందు అయిపోయేది సెలవులు. హాలు చేతికి వచ్చిన రోజు కనీసం సగం మంది పగలంతా అక్కడ ఉండాలి. పొద్దున ఎనిమిదికి సామాను దించడం, పదకొండు దాకా ఖాళీ వేదిక మీద లైట్లు కట్టడం, తర్వాత సెట్టు నిలబెట్టడం, రెండు గంటలకు లైట్లను గురిపెట్టడం, నాలుగు నుంచి క్యూలు, అంటే లైటూ సౌండూ మారాల్సిన ఘట్టాలు, ఒక్కొక్కటే సరిచూడటం, ఏడింటికి పూర్తి వేషాలతో ఒకసారి ఆడుకోవడం. ఈ వరుస ఊరికే పెట్టింది కాదు. ముందు సెట్టు నిలబెడితే నిచ్చెన కాళ్లు ఆనే చోటుండదు.

అందరూ ఆఫీసు ముగించుకుని సాయంత్రం ఆరింటికి వస్తే జరిగేది ఇదే. పగలు దొరికిన ఇద్దరూ సెట్టు కట్టేస్తారు. దాని చుట్టూ నిచ్చెన జరుపుకుంటూ, చేయి అందినంత మేర లైట్లు తిప్పుతారు. ప్రదర్శనలో కథానాయిక మెట్ల మీది నుంచి మాట్లాడుతుంటే వెలుగు ఆమె నడుము దగ్గర ఆగిపోతుంది. లైటింగ్ డిజైనర్ చేతకానివాడని ప్రేక్షకుడు అనుకుంటాడు. అసలు కొరత ఎవరికో దొరకని ఒక్క పూట సెలవు.

ఒక నాటకానికి మనిషికి మూడు రోజుల సెలవు కావాలంటే, ఏడాదికి రెండు కొత్త నాటకాలు, ఒక పాతదాని పునఃప్రదర్శన కలిపి ఎనిమిది, తొమ్మిది రోజులు. ఇల్లు, జ్వరాలు, పిల్లల పరీక్షలు అందులోంచే. అందుకే ఏడాది ప్రణాళిక వేసేటప్పుడు బడ్జెట్ కాగితం పక్కన సెలవుల కాగితం కూడా పెట్టుకోవాలి. మూడో కొత్త నాటకానికి డబ్బుండి సెలవులు లేకపోవడం చాలా తరచుగా జరిగేదే.

ఒక మనిషి, నాలుగు కుర్చీలు

బయటి ఉద్యోగం ఒకటైతే బృందం లోపల ఒక్కొక్కరికీ రెండు మూడు పనులు. వీటిలో కొన్ని కలుస్తాయి. దుస్తులు చూసే మనిషి నటించవచ్చు, తొలి ప్రదర్శన నాటికి కుట్టుపని అయిపోతుంది కాబట్టి. చిన్న నాటకానికి స్టేజ్ మేనేజరే లైట్ల బోర్డు నడపవచ్చు. కొన్ని మాత్రం కలవవు. దర్శకుడే ప్రధాన పాత్ర వేస్తే ముందు నుంచి చూసే కళ్లు ఉండవు. నిర్మాత, దర్శకుడు ఒకరే అయితే మరో అరుగు కట్టించాలన్న దర్శకుడి కోరికకు వద్దని చెప్పాల్సిన నిర్మాత నోరు పెగలదు. ఖర్చు చేసేవాడే లెక్క రాస్తే తప్పు జరగకపోయినా అనుమానం మిగులుతుంది.

హాలు తాళం, టికెట్ల ఖాతా పాస్‌వర్డు, సౌండ్ ఫైళ్లు అన్నీ ఒకరి దగ్గరే ఉండటం అసలైన ప్రమాదం. ఆ మనిషికి ఆఫీసు పని మీద ఉన్నట్టుండి ఊరెళ్లాల్సి వస్తే నాటకం ఆగుతుంది. ప్రతి పనికీ రెండో మనిషిని పేరుతో సహా రాసిపెట్టుకోవడం ఒక మార్గం. ఆసుపత్రి నర్సు డ్యూటీ మారేటప్పుడు రాసే చీటీ లాంటిది మరో మార్గం: ప్రతి రిహార్సల్ తర్వాత అర పేజీ. ఎవరు వచ్చారు, ఏ ముక్కలు అయ్యాయి, ఏం మారింది, ఏ వస్తువు కావాలి, ఎవరికైనా దెబ్బ తగిలిందా, మళ్లీ ఎప్పుడు. రాయడానికి పది నిమిషాలు. రానివాళ్లు అది చదివి వస్తే మర్నాడు అరగంట మిగులుతుంది.

చేతి చమురు ఎక్కడ వదులుతుంది

ఎవరో ఒకరు సొంత జీతంలోంచి కలప కొంటారు, ఇంకొకరు ప్రయాణ ఖర్చు పెట్టుకుంటారు. రసీదు జేబులోనే ఉండిపోతుంది. ఆరు నెలలకు ప్రదర్శన లాభంలో ఉందని లెక్క తేలుతుంది, ఆ లాభం నిజానికి ఇద్దరి జేబు. మరుసటి నాటకానికి బడ్జెట్ ఈ తప్పుడు అంకె మీదే వేస్తారు. బృందం ఎవరికీ పైసా ఇవ్వకపోయినా ఇవ్వాల్సినంత రాసి, ఎదురుగా విరాళం అని చూపిస్తేనే నాటకం అసలు ఖరీదు తెలుస్తుంది. దాతల ముందు పెట్టే దరఖాస్తుకూ ఆ అంకే పనికొస్తుంది.

దరఖాస్తుల సంగతీ లెక్కతోనే చూడాలి. ఒకదానికి 40 గంటలు పట్టి, ఐదింట ఒకటి ఫలిస్తే, దొరికిన ఒక్కో సాయం వెనక 200 గంటల పని ఉంది. పైగా చాలా సంస్థలు కొత్త నాటకానికి ఇస్తాయి గానీ గోదాము అద్దెకు ఇవ్వవు. చివరి వాయిదా నివేదిక అందాకే వస్తుంది. ఆ మధ్య నెలల్లో బాకీలు తీర్చేది మళ్లీ ఎవరి జీతమో.

మిగిలిన డబ్బు పంచుకోవడానికి వాటాల పద్ధతి పాతదే. 1599లో లండన్‌లోని గ్లోబ్ నాటకశాలలో సగం వాటా జేమ్స్ బర్బేజ్ కొడుకులిద్దరిది, తక్కిన సగం షేక్‌స్పియర్‌తో సహా ఐదుగురు నటులది. అవసరానికి తెచ్చుకున్న నటులకు మాత్రం వాటా ఉండేది కాదు, వారానికింత అని కూలి. చిన్న బృందాల్లో ఇప్పటికీ గొడవలు ఎక్కువగా లేచేది ఈ గీత దగ్గరే: ఎవరు వాటాదారు, ఎవరు కూలికి వచ్చారు. మొదటి రిహార్సల్ నాటికే ఆ గీత కాగితం మీద లేకపోతే, డబ్బు మిగిలిన రోజే గొడవ మొదలవుతుంది. నష్టం వచ్చిన నాటకాల్లో ఈ తగవు అరుదు.

ప్రేక్షకుడికి కనిపించేది

వీటన్నిటి ఫలితం వేదిక మీద తేలుతుంది. రెండు మూడు పాత్రల నాటకాలు పెరగడం రచయితల అభిరుచి ఒక్కటే కాదు. ఇద్దరు నటులు, దర్శకుడు, స్టేజ్ మేనేజర్ నలుగురే అయితే అదే 80 శాతం హాజరుతో నిండు రిహార్సళ్లు 26 నుంచి 41 శాతానికి పెరుగుతాయి. సెట్టు మడిచి కారులో పెట్టుకునేంత చిన్నదవుతుంది. ప్రదర్శనలు శని, ఆదివారాలకే పరిమితమవుతాయి. పది వారాలు సాధన చేసిన నాటకం నాలుగుసార్లు ఆడి ఆగిపోతుంది, సరిగ్గా నటులకు అది ఒంటబట్టే వేళకు.

బృందంలో ఎవరుంటారన్నదీ దీంతోనే తేలుతుంది. స్థిరమైన జీతం, సాయంత్రాలు ఖాళీ, ఇంట్లో పిల్లలనో పెద్దవాళ్లనో చూసుకునే మరో మనిషి ఉన్నవాళ్లు నిలబడతారు. రోజుకూలీ మీద బతికేవాళ్లు, ఇంటి బాధ్యత ఒంటిమీద ఉన్న ఆడవాళ్లు ప్రతిభ ఉన్నా జారిపోతారు. కొన్ని బృందాలు ఆదివారం పగటి రిహార్సళ్లకు మారి, పిల్లలను తీసుకురానిచ్చి, వాళ్లను చూసుకునే పనిని వంతులవారీగా రిహార్సల్ పట్టికలోనే రాస్తున్నాయి. ఆ పట్టికలో ఆ వారం ఏ ముక్కలోనూ లేని నటుడి పేరు ఎదురుగా “పిల్లల దగ్గర” అని ఉంటుంది.